ఎంత ఎగిరిందో చెప్పేముందు ఎక్కణ్ణుంచి కొలిచారో చెప్పండి

క్రీడా సమాఖ్యలు నడిపే పెద్దలకు, పోటీలు ప్రసారం చేసే సంస్థలకు, జంప్ మ్యాట్లూ సెన్సార్లూ యాప్‌లూ తయారుచేసే కంపెనీలవాళ్లకు,

నమస్కారమండీ. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా అమ్మాయి వాలీబాల్ ఆడుతుంది. మామూలుగా ఈ రెండిటికీ పెద్ద సంబంధం లేదు, కానీ పోయిన ఏడాది ఒక జట్టు ఎంపికకు వెళ్లొచ్చాక ఆటల్లో కనిపించే ప్రతి అంకె మీదా నాకు అనుమానం మొదలైంది, ఆ అనుమానం ఏంటో మీకు వివరంగా చెప్దామనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఎంపిక నోటీసులో "వర్టికల్ జంప్ కనీసం 40 సెం.మీ." అని ఒక లైను ఉంది. ఎలా కొలుస్తారో లేదు. మేం ఇంట్లో పాత పద్ధతిలో చూసుకున్నాం. వేళ్లకి సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన మడమలు నేలకి ఆనించి నిలబడి, చెయ్యి పైకి చాపి ఒక గుర్తు పెట్టడం, అక్కణ్ణుంచే ఎగిరి ఇంకో గుర్తు పెట్టడం, రెండిటి మధ్య టేపు పట్టుకుని కొలవడం. 45 వచ్చింది. నాలుగుసార్లు ఎగిరినా 44కి తగ్గలేదు. సరదాకి ఫోన్లో ఒక యాప్‌తో వీడియో తీసి చూస్తే అది 44 అంది. ఎలా చూసినా గట్టెక్కినట్టే అనుకుని ధైర్యంగా వెళ్లాం. అక్కడ నేలమీద నల్లటి మ్యాట్ ఒకటి పరిచి, దాని వైరు లాప్‌టాప్‌కి పెట్టారు. పిల్ల మూడుసార్లు ఎగిరింది. తెరమీద 34, 35, 35. బల్ల దగ్గర కూర్చున్నాయన తలెత్తకుండానే పేరు పక్కన గీత పెట్టి తర్వాతి పిల్లని పిలిచాడు.

బయటికొచ్చాక తను ఏడవలేదు. షూ లేసులు విప్పుకుంటూ, "అమ్మా, ఇంతకీ నేను ఎంత ఎగురుతాను?" అని మాత్రం అడిగింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకి కొలతలు నేర్పుతున్నదాన్ని, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి తేలింది ఏంటంటే, 45 తప్పు కాదు, 35 కూడా తప్పు కాదు, అవి రెండూ అసలు ఒకే విషయాన్ని కొలవడం లేదు.

గోడమీద సుద్ద గుర్తు పద్ధతిని 1921లో డడ్లీ సార్జెంట్ రాసిపెట్టాడు, ఇప్పటికీ చాలాచోట్ల దాన్ని సార్జెంట్ జంప్ అనే పిలుస్తారు. అది మడమలు నేలమీద ఉన్నప్పటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. కానీ ఎగిరేటప్పుడు ముందు మడమ లేస్తుంది, మనం మునివేళ్ల మీదికి వస్తాం, పాదం నేలని వదలకముందే ఒళ్లు సుమారు పది సెంటీమీటర్లు పైకి వెళ్లిపోయి ఉంటుంది. సుద్ద గుర్తులో ఆ పదీ కలుస్తాయి. మ్యాట్‌కి అవి కనపడవు. ఎందుకంటే మ్యాట్ ఎత్తుని కొలవదు. పాదం ఎప్పుడు వదిలింది, మళ్లీ ఎప్పుడు తాకింది, ఈ రెండే దానికి తెలుసు. ఆ మధ్య గడిచిన సెకన్లను వర్గం చేసి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది, తెరమీద పడేది అదీ. మా అమ్మాయి 35కి అర్థం తను గాల్లో 0.534 సెకన్లు ఉందని, అంతే. ఆ లెక్కలో ఒక షరతు దాగుంది: ఎగిరినప్పుడు కాళ్లు ఎలా ఉన్నాయో దిగినప్పుడూ అలాగే ఉండాలి. గాల్లో మోకాళ్లు కొంచెం ముడుచుకుని దిగితే పాదం ఆలస్యంగా తాకుతుంది, ఒళ్లు ఒక్క మిల్లీమీటరు కూడా ఎక్కువ లేవకుండానే అంకె పెరుగుతుంది. తెలిసిన పిల్లలు అదే చేస్తారు. నిటారుగా దిగమని నేర్పించిన పిల్లలు నష్టపోతారు.

మరి ఫోన్ యాప్ 44 ఎందుకంది? అదీ గాల్లో ఉన్న సమయాన్నే చూస్తుంది, కాకపోతే వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టి. మా ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 0.033 సెకన్లు. మా పిల్ల ఎగిరే ఎత్తు దగ్గర ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే ఎత్తులో 4 సెంటీమీటర్ల పైన తేడా పడుతుంది. 35కీ 44కీ మధ్య ఉన్నది రెండే ఫ్రేములు! కాలు నేలని వదిలింది ఈ ఫ్రేములోనా తర్వాతి దాంట్లోనా అని వేలితో జరిపి చూసుకుంటూ మనమే గుర్తు పెట్టాలి, మసకగా ఉన్న బూటు చివర చూసి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనైతే అదే తప్పు అర సెంటీమీటరుకి వచ్చేస్తుంది. యాప్ తయారుచేసినవాళ్లకి ఇది తెలియకపోవడం అనేది ఉండదు. అయినా తెరమీద "44" అని పెద్ద అక్షరాల్లో పడుతుంది, కింద "నాలుగు అటూ ఇటూ" అని చిన్న అక్షరాల్లో కూడా ఉండదు.

కంపెనీలవాళ్లని నేను అడిగేది అక్కడే మొదలవుతుంది. ఆ చిన్న అక్షరాలు పెట్టండి. ఫ్రేముల వేగం ఎంతో ఫోన్‌కి తెలుసు, తప్పు ఎంత ఉండొచ్చో ఒక్క గుణకారంతో వస్తుంది. అమ్మకాలు తగ్గుతాయని భయమైతే అర్థం చేసుకోగలను, కానీ ఆ అంకె పట్టుకుని పిల్లలు పరీక్షలకి వెళ్తున్నారు.

సమాఖ్యలకి చెప్పేది ఇంకొంచెం పెద్ద విషయం. సరిగ్గా కొలవడం, కొలిచినదాన్ని నిజాయితీగా చెప్పడం మీకు చేతకాని పని కాదు. మీలో కొందరు వందేళ్లుగా చేస్తున్నారు. హైజంప్‌నే చూడండి. నేల నుంచి బార్ పైభాగంలో అన్నిటికన్నా కిందికి ఉన్న చోటు వరకు నిలువుగా కొలవాలి, అదీ నియమం. బార్ మధ్యలో కొంచెం వంగి ఉంటుంది కాబట్టి ఎక్కడ కొలవాలో కూడా రాసిపెట్టారు, సెంటీమీటర్లలోనే చెప్పాలనీ రాశారు. 1987లో స్టెఫ్కా కోస్టాడినోవా 2.09 మీటర్లు దాటింది, 37 ఏళ్ల తర్వాత 2024లో యరోస్లావా మహుచిఖ్ 2.10 దాటింది. ఆ ఒక్క సెంటీమీటరుని ప్రపంచం మొత్తం నమ్ముతుంది. పురుషుల్లో హవియెర్ సోటోమేయర్ 2.45 అయితే 1993 నుంచి అలాగే ఉంది. ఎక్కణ్ణుంచి ఎక్కడికి అనే దాంట్లో ఎవరికీ సందేహం లేదు కాబట్టే ఈ అంకెలకి ఆ గౌరవం.

పైగా హైజంప్‌లో అంకె మనిషి లేచిన ఎత్తుని చెప్తున్నట్టు ఎవరూ నటించరు. 1968లో మెక్సికోలో డిక్ ఫాస్‌బరీ వీపు బార్ వైపు పెట్టి 2.24 దాటాక ఆ ఆట రూపమే మారిపోయింది. వీపు విల్లులా వంచి ఒక్కో భాగాన్నీ బార్ మీదుగా జారవిడిస్తే, ఒళ్లంతా పైనుంచి వెళ్తుంది కానీ ద్రవ్యరాశి కేంద్రం, అంటే ఒంటి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కపెట్టే బిందువు, బార్ కిందనుంచి కూడా వెళ్లొచ్చు. నేను తొమ్మిదో తరగతికి ఇది చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు, అరటిపండు ఆకారం బోర్డు మీద గీసి, దాని కేంద్రం పండు బయట గాల్లో ఉంటుందని చూపిస్తే అప్పుడు "అవును టీచర్" అంటారు. కొలిచింది బార్‌ని, ఒంటిని కాదు, అది అందరికీ తెలుసు, కాబట్టి తగువు లేదు.

కొలత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో కూడా మీకు తెలుసు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల జిమ్నాస్టిక్స్ ఆల్ అరౌండ్ ఫైనల్లో వాల్ట్‌ని 125 సెంటీమీటర్లకి పెట్టాల్సింది 120కి పెట్టారు. ఐదు సెంటీమీటర్లు. పరుగెత్తుకొచ్చి చేతులు ఆనించాల్సిన చోటు ఐదు సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఏళ్ల తరబడి ఒంట్లోకి ఎక్కిన లెక్కంతా గాల్లో తలకిందులవుతుంది. ప్రపంచంలో అందరికన్నా బాగా చేసే అమ్మాయిలు వరసగా పడ్డారు, స్వెత్లానా ఖోర్కినా మోకాళ్ల మీద పడింది. ఏదో తేడాగా ఉందని ఆస్ట్రేలియా జిమ్నాస్ట్ అలానా స్లేటర్ చెప్పేదాకా అధికారులకి తెలియలేదు. మళ్లీ చేసుకోమని అవకాశం ఇచ్చారు, కానీ ఖోర్కినా అప్పటికే తర్వాతి అంశం బార్స్‌కి వెళ్లి అక్కడ కూడా పడిపోయింది. టేపు పట్టుకుని కొలవాల్సింది ఒక్కసారి. ఆ వార్త తల్చుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

ఇక నాకు బాగా నచ్చిన కథ ఈతది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, 400 మీటర్ల మెడ్లే, అంటే నాలుగు రకాల ఈతలు కలిసిన పోటీ. గున్నార్ లార్సన్, టిమ్ మెకీ ఇద్దరికీ 4 నిమిషాల 31.98 సెకన్లు. వెయ్యో వంతు దాకా చూసి లార్సన్‌కి 31.981, మెకీకి 31.983 అని తేల్చి స్వర్ణం ఇచ్చారు. ఆ 0.002 సెకన్లలో ఈతగాడు జరిగేది మూడు మిల్లీమీటర్లు. కొలను కట్టేటప్పుడు ఒక్కో లేన్ పొడవులో సెంటీమీటర్ల తేడాకే అనుమతి ఉంది, ఆ కొలనుని ఎనిమిదిసార్లు ఈదాలి. అంటే గడియారం చెప్పిన తేడా ఈతగాళ్లదా, గోడ కట్టిన మేస్త్రిదా అని ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత ఈత సమాఖ్య ఏం చేసిందంటే, వెయ్యో వంతు వదిలేసి నూరో వంతుతో ఆగిపోయింది. ఇంకా సన్నగా చూసే గడియారం చేతిలో ఉండి కూడా చూడం అని నిర్ణయించుకోవడం, దానికి దమ్ముండాలి. అందుకే 2016 రియోలో 100 మీటర్ల ఫ్రీస్టైల్లో సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ ఇద్దరూ 52.70తో స్వర్ణం పంచుకున్నారు, 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ముగ్గురు ఒకే సమయంతో రజతం తీసుకున్నారు. ఎవరికీ అన్యాయం జరగలేదు. చూసేవాళ్లకి ఆనందం కూడా తగ్గలేదు.

క్రికెట్లో అంపైర్స్ కాల్‌ని చాలామంది తిడతారు. నేను తిట్టను. బంతి వెళ్లబోయే దారి కెమెరా చూసింది కాదు, అంతవరకు చూసినదాన్ని బట్టి వేసిన అంచనా. బంతిలో సగం కంటే తక్కువే వికెట్లకి తగిలేలా కనిపిస్తే మైదానంలో అంపైర్ చెప్పిందే ఉంచడం అంటే, మా లెక్క ఇంతకంటే కచ్చితంగా చెప్పలేదు అని తెరమీద ఒప్పుకోవడమే. ఆ నిజాయితీ మిగతా ఆటల్లోకి రావాలని నా కోరిక.

ఇప్పుడు తిరగడం దగ్గరికి వద్దాం. ఎత్తు కొలవడం దీని ముందు చాలా తేలిక.

ఫిగర్ స్కేటింగ్‌లో నాలుగు చుట్ల జంప్ అంటారు. 2022 సెప్టెంబరులో ఇల్యా మలినిన్ పోటీలో మొదటిసారి క్వాడ్ ఆక్సెల్ చేశాడు, నాలుగున్నర చుట్లు, 1620 డిగ్రీలు. వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ నాలుగున్నర చుట్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి? స్కేట్ బ్లేడు మంచుని వదలకముందే మంచు మీదే కొంత తిరిగిపోతుంది, పైకి లేచాక తిరిగేది మిగతాది. దిగేటప్పుడు బ్లేడు మొనలో ఉండే పళ్లు ముందు తాకుతాయి, ఆ పళ్ల మీద ఒళ్లు ఇంకొంచెం తిరిగాక బ్లేడు పూర్తిగా ఆనుతుంది. ఏ క్షణాన్ని దిగడం అంటాం? పావు చుట్టు తగ్గితే ఒక గుర్తు, పావుకి మించి అర లోపు తగ్గితే మార్కుల కోత, అర చుట్టు తగ్గితే ఆ జంప్‌కి ఒక చుట్టు తక్కువ జంప్ విలువే ఇస్తారు. పతకాలు ఆ పావు దగ్గరే చేతులు మారతాయి.

స్కేటర్ గాల్లో బిగుసుకుని తిరిగేటప్పుడు సెకనుకు 5 చుట్లు, కొందరు అంతకన్నా ఎక్కువే తిరుగుతారు. 5 అనుకున్నా సెకనుకు 1800 డిగ్రీలు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకీ తర్వాతిదానికీ మధ్య 72 డిగ్రీలు గడిచిపోతాయి, 50 ఫ్రేముల్లో 36. పావు చుట్టు అంటే 90. దిగేముందు చేతులు విప్పుతారు కాబట్టి చివర్లో వేగం తగ్గుతుంది, ఇంత ఘోరంగా ఉండదు, ఆ మాటా చెప్పాలి. కానీ బ్లేడుని పక్కనుంచి చూడటం వేరు, ఏటవాలుగా దూరం నుంచి చూడటం వేరు, ఒకే కెమెరా ఒకే మూల నుంచి చూస్తే రింక్‌లో ఒక మూల దిగినవాళ్లకి ఒక న్యాయం ఇంకో మూల దిగినవాళ్లకి ఇంకో న్యాయం అవుతుంది. పావు చుట్టు మీద తీర్పు చెప్పేటప్పుడు ఏ కోణం నుంచి ఎన్ని ఫ్రేములతో చూశారో ప్రేక్షకులకి కూడా చూపిస్తే ఎన్నో గొడవలు పుట్టనే పుట్టవు.

బోర్డు ఆటల్లో అయితే చుట్లు కూడా కాదు, నేరుగా డిగ్రీలే. 1999లో టోనీ హాక్ స్కేట్‌బోర్డు మీద 900 చేశాడు, రెండున్నర చుట్లు. ఇప్పుడు స్నోబోర్డింగ్‌లో ట్రిపుల్ కార్క్ 1440 అంటున్నారు. తల మూడుసార్లు కిందికి పోతుంది, ఒళ్లు పక్కకి వాలి తిరుగుతుంది, అక్షం నిలువుగానూ ఉండదు అడ్డంగానూ ఉండదు. 1440 అంటే నాలుగు చుట్లు, సరే, ఏ అక్షం చుట్టూ?

దీన్ని మా పిల్లలకి ఇలా చూపిస్తాను. బల్లమీద ఒక పుస్తకం పెట్టండి, అట్ట పైకి, వెన్ను ఎడమ వైపుకి. దాన్ని మీకు దూరంగా ముందుకి 90 డిగ్రీలు వంచండి, తర్వాత నిలువు అక్షం చుట్టూ కుడివైపు 90 డిగ్రీలు తిప్పండి. వెన్ను ఎటుందో చూసుకోండి. మళ్లీ మొదటిలా పెట్టి, ఈసారి ముందు కుడివైపు తిప్పి, తర్వాత ముందుకి వంచండి. పుస్తకం వేరేగా నిలబడుతుంది. కూడికలో 3+5 అన్నా 5+3 అన్నా ఒకటే, స్థిత్యంతర ధర్మం అని ఆరో తరగతిలో చెప్తాం. తిరగడానికి ఆ ధర్మం లేదు. అందుకే 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో గణితవేత్త హామిల్టన్ కాలవ గట్టున నడుస్తూ నడుస్తూ వంతెన రాయి మీద ఒక సమీకరణం చెక్కాల్సి వచ్చింది. వరస మారితే జవాబు మారే కొత్త రకం సంఖ్యలు అవి, క్వాటర్నియన్లు. మీ ఫోన్ ఎటు తిరిగి ఉందో లెక్కపెట్టే పద్ధతుల్లో ఇప్పటికీ అవే వాడతారు.

ఇంకో చిత్రం ఉంది. ఆయిలర్ అనే గణితవేత్త 18వ శతాబ్దంలోనే నిరూపించాడు, ఒక వస్తువు ఒక బిందువు చుట్టూ ఎన్ని మెలికలు తిరిగినా మొదటి స్థితి నుంచి చివరి స్థితికి ఒకే అక్షం చుట్టూ ఒకే తిప్పుతో వెళ్లొచ్చని. ఆ తిప్పు 180 డిగ్రీలకి మించాల్సిన పని కూడా లేదు. కాబట్టి ఎగిరినప్పటి ఫొటో, దిగినప్పటి ఫొటో పక్కపక్కన పెడితే 360 చేశాడో 1440 చేశాడో ఎవరూ చెప్పలేరు, రెండు ఫొటోల్లో మనిషి ఒకేలా ఉంటాడు. చుట్ల లెక్క అంతా మధ్యలో నడిచిన దారిదే, దారిని కొలవాలంటే దారి పొడుగునా చూస్తూ ఉండాలి. చూసే పరికరం ప్రతి క్షణం ఒళ్లు తిరిగే వేగాన్ని కూడితే ఒక అంకె వస్తుంది, నిలువు అక్షం చుట్టూ తిరిగినదాన్నే కూడితే ఇంకో అంకె వస్తుంది, పల్టీల్ని విడిగా, ట్విస్టుల్ని (తల నుంచి పాదాల దాకా ఉన్న గీత చుట్టూ ఒళ్లు తిరగడాన్ని) విడిగా లెక్కపెడితే మూడో జవాబు. దేన్ని 1440 అంటున్నారో చెప్పకుండా తెరమీద డిగ్రీలు వేయడం, ఏ ఊరి నుంచి ఏ ఊరికో చెప్పకుండా కిలోమీటర్లు చెప్పడం లాంటిది.

జిమ్నాస్టిక్స్ వాళ్లు ఈ విషయంలో శుభ్రంగా ఉన్నారు. 2019లో సిమోన్ బైల్స్ ఫ్లోర్ మీద చేసినదాన్ని ట్రిపుల్ డబుల్ అంటారు, పల్టీలు రెండు, ట్విస్టులు మూడు, రెండు అంకెలూ విడివిడిగా. ఎవరూ వాటిని కలిపి 1800 డిగ్రీలు అనరు. డైవింగ్‌లో 5253బి అని ఉంటుంది, చూడగానే టెలిఫోన్ నంబరులా ఉన్నా ప్రతి అంకెకీ అర్థం ఉంది. మొదటి 5 అంటే ట్విస్టు ఉన్న రకం, 2 అంటే వెనక్కి, తర్వాతి 5 అంటే ఐదు అర పల్టీలు, అంటే రెండున్నర, 3 అంటే మూడు అర ట్విస్టులు, బి అంటే మోకాళ్లు చాపి నడుము దగ్గర మడవడం. తెలుగు పిల్లాడైనా జపాన్ పిల్లాడైనా ఆ నంబరు చూసి అదే డైవ్ ఊహించుకోగలడు. బోర్డు ఆటల వాళ్లు ఇలాంటిది ఒకటి ఎందుకు పెట్టుకోకూడదో నాకు అర్థం కాదు. పేర్లు తీసేయమనట్లేదు, పేర్లలో అందముంది, పక్కన ఒక నంబరు పెట్టమంటున్నాను.

ట్రాంపోలిన్ (స్ప్రింగులతో బిగించిన గుడ్డ మీద ఎగిరే ఆట) గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు, ఎందుకంటే ఎత్తూ తిరగడమూ రెండూ లెక్కలోకి వచ్చే ఆట అది. పావు పల్టీకి 0.1, అర ట్విస్టుకి 0.1, ఇలా కష్టాన్ని కూడతారు, దానికి అదనాలు వేరే. ఎత్తుకి మాత్రం పరికరంతో గాల్లో ఉన్న సమయం కొలుస్తున్నారు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కూడా అలాగే చేశారు. పది జంపుల సమయాల్ని కూడి, ఎన్ని సెకన్లైతే అన్ని పాయింట్లు ఇస్తారు. మంచి నిర్ణయం. పేరు కూడా "ఎత్తు" అని పెట్టకుండా "గాల్లో సమయం" అనే పెట్టారు, కొలిచిందేదో అదే చెప్పారు.

కానీ ఇందులో ఒక లెక్క దాగుంది, ఆటగాళ్లకి చెప్పాల్సిన లెక్క. సమయం ఎత్తుతో పాటు సమానంగా పెరగదు, ఎత్తు వర్గమూలంతో పెరుగుతుంది. ఒకమ్మాయి రెండు జంపులూ 4 మీటర్ల ఎత్తు ఎగిరిందనుకోండి, ఒక్కోదానికి 1.806 సెకన్లు, మొత్తం 3.612. ఇంకో అమ్మాయి ఒకటి 5 మీటర్లు, ఒకటి 3 మీటర్లు ఎగిరింది, 2.019, 1.564, మొత్తం 3.583. ఇద్దరూ ఎగిరిన ఎత్తు మొత్తం 8 మీటర్లే, కానీ సమంగా ఎగిరినమ్మాయికి 0.029 పాయింట్లు ఎక్కువ. పాయింట్లని మూడో దశాంశం దాకా చూసే ఆటలో ఇది తీసిపారేసేది కాదు. నియమం నిలకడకి బహుమతి ఇస్తోందన్నమాట. అది మంచిదే, నాకు ఇష్టమే, కానీ నియమం రాసినవాళ్లు ఇది తెలిసే రాశారని పిల్లలకీ కోచ్‌లకీ ఒక పేరాలో చెప్తే బాగుంటుంది కదా.

గాల్లో సమయం గురించి ఇంకొక్క మాట, వ్యాఖ్యాతలకి. ఎగిరినవాడు గాల్లో ఆగిపోయాడు అని మీరు అరుస్తారు. ఆగడు. ఎవరు ఎగిరినా, గాల్లో ఉన్న మొత్తం సమయంలో సరిగ్గా సగం పై పావు ఎత్తులోనే గడుస్తుంది, పైకి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి. బాస్కెట్‌బాల్‌లో 48 అంగుళాల జంప్ అని ఎవరి గురించైనా చెప్పేటప్పుడు ఒకసారి వీడియో చూడండి, నిటారుగా దిగితే గాల్లో దాదాపు ఒక సెకను ఉండాలి. ఫ్రేములు లెక్కపెట్టండి. పది నిమిషాల పని.

సెన్సార్ల గురించి త్వరగా చెప్పేస్తాను. ఒంటికి కట్టుకునే చిప్ కొలిచేది త్వరణాన్ని. దాన్నుంచి వేగం, వేగం నుంచి దూరం, రెండుసార్లు కూడాలి. త్వరణంలో 0.1 మీ/సె² తప్పుంటే ఒక సెకను తర్వాత దూరంలో 5 సెంటీమీటర్లు, పది సెకన్ల తర్వాత 5 మీటర్లు తప్పు. చిన్న జంప్‌కి బానే పనిచేసే వస్తువుని పెద్ద ఆటకి కట్టి అంకె చూపిస్తే ఎలా? ఎంతసేపటి వరకు నమ్మొచ్చో డబ్బా మీద రాయండి.

ఫుట్‌బాల్‌లో 2022 ప్రపంచకప్‌లో ఆఫ్‌సైడ్ చూడటానికి 12 కెమెరాలు పెట్టి, ఒక్కో ఆటగాడి ఒంటిమీద 29 చోట్లని సెకనుకు 50 సార్లు చూశారు, బంతిలోని సెన్సార్ సెకనుకు 500 సార్లు. ఈ వివరాలు ముందే బయటపెట్టినందుకు అభినందిస్తున్నాను. కానీ సెకనుకు 8 మీటర్లు పరుగెత్తే మనిషి 50వ వంతు సెకనులో 16 సెంటీమీటర్లు జరుగుతాడు. మధ్యలో ఎక్కడున్నాడో లెక్కగట్టొచ్చు, కడతారు కూడా. అయితే ఆ లెక్కకి ఒక అంచు ఉంటుంది, తెరమీద వచ్చే బొమ్మలో మాత్రం గోరంత భుజం గీత దాటినట్టు కత్తిలా కనిపిస్తుంది. ఆ గీతని దాని తప్పు ఎంత ఉండొచ్చో అంత మందంగా గీయండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే గోల్ ఇవ్వండి.

నేను అడిగేవన్నీ ఖర్చు లేనివి. అంకె పక్కన పద్ధతి, అంకె పక్కన తప్పు ఎంత అన్నది, తేడా ఆ తప్పుకన్నా చిన్నదైతే ఇద్దరికీ సమానమని ప్రకటించే ధైర్యం. 2021లో టోక్యోలో హైజంప్ స్వర్ణాన్ని బర్షిమ్, తంబేరి పంచుకున్నప్పుడు వాళ్లు ఎగిరి కౌగిలించుకోవడం మీరే ప్రసారం చేశారు. ఇద్దరికీ 2.37.

మా అమ్మాయి మళ్లీ వచ్చే ఎంపికకి సిద్ధమవుతోంది. ఇప్పుడు మా ఇంట్లో మూడు అంకెలు రాసుకుంటాం, గోడ మీద సుద్దకి ఒకటి, సెకనుకు 240 ఫ్రేముల వీడియోకి ఒకటి, స్కూల్లో మ్యాట్ దొరికిన రోజు దానికి ఒకటి, మూడు నిలువు వరసల్లో, పైన పద్ధతి పేరుతో. పోయిన వారం 47, 38, 37. తనకిప్పుడు తను ఎంత ఎగురుతుందో తెలుసు. ఎంపిక నోటీసులో ఏ వరస చూసుకోవాలో మాత్రం ఇంకా తెలియదు. "వర్టికల్ జంప్ 40 సెం.మీ." అనే లైను చివర సుద్దా, మ్యాటా, వీడియోనా అని ఒక్క మాట రాయించండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు